అరికాళ్ల మంటకు వాపు మాత్ర: పనితనంపై సమీక్ష

షుగరు వల్ల నరాలు దెబ్బతిని అరికాళ్లు మండుతుంటే చాలామంది చెయ్యి ముందు ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర మీదకే పోతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, నాప్రోక్సెన్, తర్వాత వచ్చిన సెలికాక్సిబ్, ఎటోరికాక్సిబ్, పైపూతగా డైక్లోఫెనాక్ జెల్. అన్నీ ఒకే కుటుంబం. వాపును, దాని వల్ల వచ్చే నొప్పిని తగ్గించే స్టిరాయిడ్ కాని మందులు. ఇక్కడ వాపు మాత్ర అంటే ఇవే. కీళ్ల నొప్పికి వీటికి 10కి 8 మార్కులు వేయొచ్చు. షుగరు నరాల మంటకైతే 2. ఆ రెండూ కూడా మంటను తగ్గించినందుకు కాదు, మంట పక్కనే దాక్కున్న వేరే నొప్పిని తగ్గించినందుకు.

ఈ మాత్రలు చేసే పని ఒక్కటే. దెబ్బ తగిలిన చోట కణాలు కాక్స్ అనే ఎంజైముతో ప్రోస్టాగ్లాండిన్లను తయారు చేస్తాయి. అవి నొప్పి నరం కొసను చిన్న తాకిడికే మోగేలా రెచ్చగొడతాయి. మాత్ర ఆ ఎంజైమును ఆపితే కొస చల్లబడుతుంది. షుగరు నరాల విషయంలో గొడవ కొసలో కాదు, తీగలోనే ఉంది. ఏళ్ల తరబడి రక్తంలో పెరిగిన చక్కెర, కొవ్వు, నరానికి రక్తం అందించే సన్నని నాళాల దెబ్బ, అన్నీ కలిసి నరాన్ని పాడు చేస్తాయి. పాడైన నరంలో సంకేతాలు పుట్టించే సోడియం చానళ్లు అదుపు తప్పి, ఎవరూ తాకకుండానే సంకేతాలు పంపుతుంటాయి. వాటిని అందుకునే వెన్నుపాము కణాలు కూడా కొన్నాళ్లకు గోరంతను కొండంత చేయడం నేర్చుకుంటాయి. గోడలో వైరు షార్టయి కాలింగ్ బెల్ దానంతటది మోగుతుంటే, గుమ్మం దగ్గర స్విచ్ మార్చి లాభం లేదు కదా.

అలాగని నరాల నొప్పిలో వాపుకు పాత్రే లేదనలేం. దెబ్బతిన్న నరం చుట్టూ రక్షక కణాలు చేరతాయి, వెన్నుపాములో మైక్రోగ్లియా అనే కణాలు రెచ్చిపోతాయి, టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు విడుదలవుతాయి. కాకపోతే ఇది ప్రధానంగా ప్రోస్టాగ్లాండిన్ల మీద నడిచే వాపు కాదు, అందుకే మామూలు మాత్రకు అందదు. ఈ దారిని సూటిగా మూసే మందులు తయారు చేద్దామని కంపెనీలు ప్రయత్నించాయి. రక్షక కణాలను పిలిచే సీసీఆర్2 అనే గ్రాహకాన్ని అడ్డుకునే ఏజెడ్‌డీ2423 మందును ఆస్ట్రాజెనెకా షుగరు నరాల నొప్పి ఉన్నవాళ్ల మీదే 28 రోజులపాటు పరీక్షించింది. 2013లో ఫలితాలు వచ్చాయి. మందు లేని డమ్మీ మాత్ర కంటే మెరుగని తేలలేదు.

ఎలుకల్లో బాగా పనిచేసినవి మనుషుల్లో ఇలా ఎందుకు చతికిలబడతాయి? ఎలుకకు స్ట్రెప్టోజోటోసిన్ ఇంజక్షన్ ఇచ్చి షుగరు తెప్పిస్తారు. కొన్ని వారాలయ్యాక పాదాన్ని సన్నని పోగుతో పొడిచి, ఎంత ఒత్తిడికి కాలు లాక్కుంటుందో కొలుస్తారు. అంటే అక్కడ కొలిచేది తాకితే పుట్టే నొప్పి. మనిషి చెప్పుకునే బాధ వేరు. తాకకపోయినా రాత్రి పదకొండింటికి మొదలయ్యే మంట, కరెంటు కొట్టినట్టు పోట్లు, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోవడం, అదే పాదంలో ఇంకోచోట స్పర్శే తెలియకపోవడం. పైగా ఎలుక నరం వారాల్లో దెబ్బతింటుంది, మనిషి నరం పదేళ్లు పదిహేనేళ్లు పాడవుతూ వస్తుంది. అంత ఆలస్యంగా వాపును ఆపినంత మాత్రాన తెగిన తీగ అతుక్కోదు.

మామూలు మాత్రల మీద ఉన్న ఆధారం ఇంకా పలచన. నోటితో వేసుకునే ఈ మందులు నరాల నొప్పికి పనిచేస్తాయా అని వైద్య ప్రయోగాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షకులు 2015లో అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ గాలించారు. పనికొచ్చేవి రెండే దొరికాయి, రెండూ కలిపి 251 మంది. అందులో 209 మంది మార్కెట్లోనే లేని ఒక ప్రయోగదశ మందు వాడినవాళ్లు. మిగతా 42 మందిలో నరాల నొప్పి ఉన్నది 16 మందికే. ఆ రెండు ప్రయోగాల్లో ఉన్నవాళ్లంతా నడుమునొప్పి, సర్పి తర్వాతి నొప్పి ఉన్నవాళ్లే తప్ప షుగరు నరాల వాళ్లు కారు. ప్రపంచమంతా ఇంత విరివిగా మింగుతున్న మాత్రకు ఈ జబ్బులో ఉన్న సాక్ష్యం ఇంతే.

పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

"వాపు తగ్గించే గుణంతో నరాల మంటకు ఉపశమనం" అని ఏ డబ్బా మీద కనబడినా, దాని వెనక ప్రయోగం ఎలా నడిచిందో చూడాలి. నరాల నొప్పి మందుల్లో మోసపోవడం చాలా తేలిక. ఎందుకంటే ఈ నొప్పి ఆటుపోట్ల మీద ఉంటుంది. జనం డాక్టరు దగ్గరకు వెళ్లేది నొప్పి తారస్థాయిలో ఉన్న వారంలోనే. ఆ తర్వాత ఏం వేసుకున్నా, వేసుకోకపోయినా కొంత దిగుతుంది. దానికి డమ్మీ మాత్ర ఇచ్చే నమ్మకం తోడవుతుంది. 1990 నుంచి 2013 దాకా జరిగిన నరాల నొప్పి ప్రయోగాలను కలిపి చూస్తే, ముఖ్యంగా అమెరికాలో, డమ్మీ మాత్రతో వచ్చే ఉపశమనం ఏటికేడు పెరుగుతూ వచ్చింది. డమ్మీ గుంపు లేకుండా "వందలో ఇంతమందికి తగ్గింది" అని చెప్పే లెక్క ఎందుకూ కొరగాదు.

మొదటి మెట్టు, సరైన మనుషుల్ని ఎంచుకోవడం. నరం దెబ్బతిన్నట్టు పరీక్షలో తేలాలి. 10 గ్రాముల మోనోఫిలమెంట్ పోగు పాదం మీద వంగేదాకా ఒత్తితే తెలుస్తోందా, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కును బొటనవేలి ఎముక మీద ఆనిస్తే అదురు తెలుస్తోందా, చీలమండ రిఫ్లెక్సు ఉందా. నొప్పి నరాలదేనా అని తేల్చడానికి డీఎన్4 అనే 10 అంశాల జాబితా ఉంది. అందులో 4 లేదా ఆపైన వస్తే నరాల నొప్పిగా లెక్క. సన్న నరాలు మాత్రమే పోయినవాళ్లకు నెర్వ్ కండక్షన్ పరీక్ష మామూలుగానే వస్తుంది. అలాంటివాళ్లకు చీలమండకు 10 సెంటీమీటర్లపైన 3 మిల్లీమీటర్ల చర్మపు ముక్క తీసి నరాల పోగులు లెక్కపెడతారు.

ఎవరిని వద్దనాలన్నది ఇంకా ముఖ్యం. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడి బీ12 తగ్గినవాళ్లు, థైరాయిడ్, మద్యం, మూత్రపిండాల జబ్బు వల్ల నరాలు పోయినవాళ్లు ఇందులో కలిస్తే ఫలితం కలగాపులగం అవుతుంది. హెచ్‌బీఏ1సీ (సగటు షుగరును చూపే రక్తపరీక్ష) మూడు నెలల్లో 2 పాయింట్ల కంటే ఎక్కువ పడిపోయినవాళ్లనూ దూరంగా ఉంచాలి. షుగరు మరీ వేగంగా దిగినప్పుడు కొందరికి నరాల నొప్పి ఉన్నట్టుండి విజృంభించి, నెలల మీద తనంతట తానే తగ్గుతుంది. ఆ తగ్గుదల మందు ఖాతాలో పడుతుంది. వాపు మందు పరీక్షలో అన్నిటికంటే జాగ్రత్తగా ఏరివేయాల్సింది మాత్రం మడమ నొప్పి, మోకాళ్ల అరుగుదల, గౌట్ ఉన్నవాళ్లను. మాత్ర వీటిని తగ్గిస్తుంది. మనిషి "కాళ్ల నొప్పి తగ్గింది" అని రాస్తాడు. అంకె దిగుతుంది, నరం మాత్రం అలాగే ఉంటుంది.

తర్వాత కొలత. నొప్పిని 0 నుంచి 10 దాకా ఒక అంకెగా రోజూ డైరీలో రాయిస్తారు. మందు మొదలుపెట్టే ముందు ఒక వారం రాయించి, సగటు 4కి తగ్గకుండా ఉన్నవాళ్లనే తీసుకోవడం ఆనవాయితీ. ఇక్కడో చిక్కుంది. చేరాలంటే 4 ఉండాలని తెలిస్తే, 3 ఉన్నవాళ్లూ 5 రాస్తారు. చేరాక నిజం రాస్తారు, "మందు" పనిచేసినట్టు కనబడుతుంది. అందుకే మంచి ప్రయోగాల్లో ఆ హద్దు రోగికి చెప్పరు. పాత నొప్పి మందులు ఆపించి ఒంట్లోంచి పోయేదాకా ఆగడం, లేదా మోతాదు కదపకుండా కొనసాగించడం, రెంటిలో ఏదో ఒకటి ముందే రాసిపెట్టుకోవాలి. తట్టుకోలేనప్పుడు వేసుకోవడానికి పారాసిటమాల్ మాత్రమే ఇచ్చి, ఎన్ని వేసుకున్నారో లెక్కపెడతారు. నొప్పి అంకె సమానంగా ఉన్నా ఒక గుంపు పారాసిటమాల్ రెట్టింపు వాడిందంటే అదీ ఫలితమే.

కాలం సంగతి. పూర్తి మోతాదు మీద 12 వారాలు అన్నది సాధారణంగా పాటించే కొలత. నాలుగు వారాల్లో ముగిసిన ప్రయోగాన్ని సగం సినిమాగానే చూడాలి. నొప్పి 30 శాతం లేదా 2 పాయింట్లు తగ్గితే రోగికి తేడా తెలుస్తుంది, 50 శాతం తగ్గితే నిద్ర పడుతుంది, నడక మారుతుంది. "గణాంకపరంగా తేడా ఉంది" అని రాసి, ఆ తేడా 0.4 పాయింటే అయితే దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

మధ్యలో మానేసినవాళ్ల అంకెల విషయంలో జరిగే గారడీ నివేదిక చదివేవాళ్లలో ఎక్కువమందికి పట్టదు. కడుపుమంట వల్ల నాలుగో వారంలో మాత్ర వదిలేసినవాడి చివరి అంకె 3 అనుకోండి. దాన్నే పన్నెండో వారం దాకా మోసుకెళ్లి లెక్క వేస్తే, మందు భరించలేక పారిపోయినవాడు కూడా విజయంగా నమోదవుతాడు. అతని మొదటి అంకెనే వేస్తే అదే మందు చప్పగా కనబడుతుంది. ఏ పద్ధతి వాడారో రాయని నివేదికను పక్కన పెట్టేయడం మంచిది.

లెక్క ఎలా చదవాలో ఒక ఊహాజనిత ఉదాహరణ. మందు గుంపులో వందకు 40 మందికి, డమ్మీ గుంపులో వందకు 28 మందికి నొప్పి సగం తగ్గిందనుకుందాం. ప్రచారంలో 40 కనబడుతుంది. మందు వల్ల వచ్చింది 12 మాత్రమే. అంటే ఒక్కరికి మేలు జరగాలంటే ఎనిమిది, తొమ్మిది మందికి ఇవ్వాలి.

జెల్, పట్టీలాంటి పైపూత మందుల్లో డమ్మీని తయారు చేయడమే కష్టం. వాసన, చల్లదనం, చుర్రుమనడం, ఏదో ఒకటి గుట్టు బయటపెడుతుంది. 8 శాతం క్యాప్సైసిన్ (మిరపలోని ఘాటు పదార్థం) పట్టీ పెడితే మండుతుంది, డమ్మీ మండదు, రోగికి తనకేది వచ్చిందో అర్థమైపోతుంది. అందుకే కొన్ని ప్రయోగాల్లో డమ్మీగా 0.04 శాతం క్యాప్సైసిన్ వాడారు.

జెల్

డైక్లోఫెనాక్ 1 శాతం జెల్‌ను కాలి కీళ్లకు రాసే మోతాదు ఒక్కసారికి 4 గ్రాములు, రోజుకు నాలుగుసార్లు, ఒక కీలుకు రోజుకు 16 గ్రాములకు మించకుండా. డబ్బాతో వచ్చే కొలత పట్టీ మీద పిండుకుంటే 4 గ్రాములు ఎంతో తెలుస్తుంది. చాలామంది రాసేది అంతకంటే తక్కువే. మాత్రతో పోలిస్తే రక్తంలోకి చేరేది 6 శాతం దగ్గర్లో కాబట్టి కడుపుకు, మూత్రపిండాలకు భారం తక్కువ. ఇదే దీనికున్న అసలు మెరిట్టు. చీలమండ కీలు నొప్పికి వాడొచ్చు. నరాల మంటకు రాస్తే దొరికేది రుద్దినప్పటి హాయి, జెల్ ఆరేటప్పటి చల్లదనం.

మెంతాల్, మిథైల్ సాలిసిలేట్ కలిపిన జెల్‌లు మరో మాట. మెంతాల్ చల్లదనాన్ని పట్టే గ్రాహకాన్ని తట్టి కాసేపు మెదడును ఏమారుస్తుంది. వాపుకు, దానికి సంబంధం లేదు. వార్ఫరిన్ వాడేవాళ్లు మిథైల్ సాలిసిలేట్ ఎక్కువగా పూసుకుంటే రక్తం మరీ పలచబడుతుంది. స్పర్శ లేని పాదానికి ఏ జెల్ రాసినా దాని మీద వేడి కాపడం పెట్టకూడదు, కాలినా తెలియదు. పగుళ్ల మీద, వేళ్ల సందుల్లో రాయకూడదు. అక్కడ తడి నిలిస్తే ఫంగస్ చేరుతుంది.

కడుపులోకి వెళ్తే

మార్కులు 2కి పడిపోవడానికి పనిచేయకపోవడం సగం కారణమే. మిగతా సగం, షుగరు ఉన్న ఒంట్లో ఇది చేసే చెరుపు. మూత్రపిండానికి రక్తం తెచ్చే నాళం తెరుచుకుని ఉండేది ప్రోస్టాగ్లాండిన్ల దయ వల్లే. మాత్ర వాటిని ఆపితే ఆ నాళం బిగుసుకుంటుంది. షుగరు ఉన్నవాళ్లలో చాలామంది బీపీకి టెల్మిసార్టాన్ లేదా రామిప్రిల్ వాడుతుంటారు, అది మూత్రపిండం నుంచి బయటికెళ్లే నాళాన్ని సడలిస్తుంది. దానికి నీటి మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) కూడా తోడైతే లోపలికి వచ్చేది తగ్గి, బయటికి పోయేది పెరిగి, వడపోత ఒత్తిడి కూలిపోతుంది. విరేచనాలతో నీరు పోయిన రోజున ఈ మూడూ కలిసి మింగితే ప్రమాదం మరీ దగ్గరగా ఉంటుంది. మూత్రపిండాల వడపోతను చూపే ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువుంటే ఎక్కువ రోజులు వాడకూడదు, 30 కంటే తక్కువుంటే అసలు ముట్టకూడదు.

దీనికి కొసమెరుపు ఒకటుంది. నరాల నొప్పికి నిజంగా పనిచేసే ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ ఒంట్లోంచి పోయేది మూత్రపిండాల ద్వారానే. వాపు మాత్ర వాటి వడపోతను తగ్గిస్తే నిన్నటిదాకా సరిపోయిన ప్రెగాబాలిన్ మోతాదే ఇవాళ ఎక్కువై మత్తు, తూలడం మొదలవుతాయి. నిందేమో ప్రెగాబాలిన్ మీద పడుతుంది. కాళ్ల వాపు వాపు మాత్ర వల్లా, ప్రెగాబాలిన్ వల్లా వస్తుంది, షుగరు మాత్ర పియోగ్లిటాజోన్ వల్ల కూడా వస్తుంది. మూడూ కలిసి వాడేవాళ్లలో కారణమేదో వేరుచేయడానికి ఒక్కోటి ఆపి చూడటం తప్ప దారి లేదు. నరాల నొప్పికే వాడే డ్యూలోక్సెటిన్‌తో కలిపి వాపు మాత్ర వేస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గుండె ముప్పు సంగతి 2004లో ఇదే కుటుంబపు రోఫెకాక్సిబ్‌ను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నప్పుడే తెలిసింది. ఆ ముప్పు వాడటం మొదలుపెట్టిన తొలి వారాల నుంచే ఉండొచ్చని 2015లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరికను గట్టిపరిచింది. వాపు తగ్గించే స్టిరాయిడ్‌ల గురించి ఒక్క వాక్యం చాలు: షుగరును ఆకాశానికి ఎత్తుతాయి, ఈ పనికి వద్దు.

వాపు పేరుతో వచ్చే మరో రెండు

సాల్సలేట్ ఆస్పిరిన్ కుటుంబపు పాత మాత్ర. టిన్‌సాల్-టీ2డీ ప్రయోగంలో రోజుకు 3.5 గ్రాముల చొప్పున 48 వారాలు ఇస్తే హెచ్‌బీఏ1సీ డమ్మీతో పోలిస్తే 0.37 శాతం తగ్గింది. అదే ప్రయోగంలో మూత్రంలో ఆల్బుమిన్, చెడు కొలెస్టరాల్ పెరిగాయి. అది షుగరు కోసం చేసిన పరీక్ష, నరాల నొప్పి కోసం కాదు. దాన్ని చూపించి నరాల మంటకు అమ్మడం చెల్లదు.

ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ అనే యాంటీఆక్సిడెంట్ కాస్త మెరుగు. సిడ్నీ 2 ప్రయోగంలో 600, 1200, 1800 మిల్లీగ్రాముల మోతాదులను 5 వారాలు ఇచ్చి చూశారు. మూడూ మంట, పోట్లు తగ్గించాయి. మోతాదు పెంచితే పెరిగింది వికారమే, కాబట్టి 600కి మించి కొనడం దండగ. నాలుగేళ్లపాటు నడిచిన నాథన్ 1లో మాత్రం ముందుగా నిర్ణయించుకున్న ప్రధాన కొలతలో డమ్మీతో తేడా రాలేదు. పరగడుపున వేసుకోవాలి. అరుదుగా కొందరిలో ఇన్సులిన్ మీద ప్రతిరక్షకాలు పుట్టి షుగరు ఉన్నట్టుండి పడిపోయిన సందర్భాలు నమోదయ్యాయి. ఈ సీసాకు 10కి 5.

పోలిక కోసం నిలదొక్కుకున్న మందుల అంకెలు కూడా చూడాలి. 2022లో వచ్చిన ఆప్షన్-డీఎం ప్రయోగంలో 130 మందికి అమిట్రిప్టిలిన్, డ్యూలోక్సెటిన్, ప్రెగాబాలిన్‌లను మార్చిమార్చి మొదటి మందుగా ఇచ్చారు. ఒక్కో దారి 16 వారాలు, మొదటి మందు చాలకపోతే అందులోనే ఇంకోటి జోడించారు. 6.6 దగ్గర మొదలైన సగటు నొప్పి మూడు దారుల్లోనూ 3.3కి వచ్చింది. దేనితో మొదలుపెట్టినా ఫలితం ఒకటే అయితే, ఎంపిక దుష్ఫలితాలను బట్టి జరగాలి. నిద్ర పట్టనివాళ్లకు రాత్రి అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టొచ్చు, గుండె జబ్బు ఉంటే ముందు ఈసీజీ చూడాలి. దిగులు కూడా ఉన్నవాళ్లకు డ్యూలోక్సెటిన్ 60 సరిపోతుంది. 2020లో అమెరికాలో పాదాల షుగరు నొప్పికి అనుమతి పొందిన 8 శాతం క్యాప్సైసిన్ పట్టీని ఆస్పత్రిలో పాదాలకు 30 నిమిషాలు వేస్తారు, మూడు నెలలకోసారి. రక్తంలోకి పెద్దగా వెళ్లదు కాబట్టి మాత్రల సంచి ఇప్పటికే నిండినవాళ్లకు అది నప్పుతుంది.

ఆ రెండు మార్కులు ఎవరికి

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పొడిచి, పది అడుగులకు సర్దుకుంటే అది అరికాలి పొర నొప్పి. మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టేస్తే అరుగుదల. బొటనవేలి కీలు ఒక్కటే రాత్రికి రాత్రి ఎర్రబడితే గౌట్. మూత్రపిండాలు, గుండె బాగున్నవాళ్లకు వీటన్నిటిలో కొద్ది రోజుల వాపు మాత్ర బాగా పనిచేస్తుంది. రెండు పాదాల్లో సమానంగా, వేళ్ల నుంచి పైకి మేజోడులా ఎక్కుతూ, కూర్చుంటే తగ్గకుండా, పడుకుంటే పెరిగే మంట అయితే వేరే మందు అడగాలి. రెండూ కలిసి ఉన్నవాళ్లూ తక్కువేం కాదు. వాళ్లు డైరీలో "మంట", "నడిస్తే నొప్పి" అని రెండు గళ్లు గీసి, రోజూ ఒకే వేళకు విడివిడిగా అంకెలు వేయాలి. మందు మొదలుకు ముందు 7 రోజులు, తర్వాత 14 రోజులు, మధ్యలో ఇంకే మందూ మార్చకుండా. రెండో గడి దిగి మొదటిది కదలకపోతే ఆ కాగితాన్ని డాక్టరుకు చూపిస్తే చాలు, నరాల మందు మొదలుపెట్టడానికి అంతకంటే మంచి ఆధారం అక్కర్లేదు.

ఒక పాదమే వేడెక్కి, ఎర్రబడి, ఉబ్బి, ఆశ్చర్యంగా నొప్పి మాత్రం పెద్దగా లేకపోతే వాపు మాత్ర జోలికి పోవద్దు. అది ఎముకలు కుంగిపోయే షార్కో పాదం కావచ్చు, లోపల చీము కావచ్చు. రెండో పాదంతో పోలిస్తే 2 డిగ్రీల సెల్సియస్ తేడా ఉన్నా చాలు, అనుమానించాలి. మాత్ర ఆ వాపును నాలుగు రోజులు తగ్గించి చూపిస్తుంది, ఆ నాలుగు రోజులూ మనిషి దాని మీదే నడుస్తాడు. కాలు కింద మోపకుండా ఆ రోజే పాదం చూపించుకోవాలి.